నీళ్లను గేటు దాకా సాగనంపిన మనిషి

సార్ పోయారన్న కబురు నేను హఫీజ్‌పేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది సార్ భార్య. ఆఫీసులో మేమంతా ఆవిడను అమ్మా అనే పిలిచేవాళ్లం. "మీ సార్ పోయిన్రు బిడ్డా, పొద్దుగాల," అన్నారు. రైలు వచ్చింది. మెడలో ఐడీ కార్డులతో హైటెక్ సిటీకి వెళ్లేవాళ్లంతా తోసుకుంటూ ఎక్కారు, రైలు వెళ్లిపోయింది. నేను సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. అప్పుడు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆదివారం వస్తానని చెప్పాను కదా, నాలుగు రోజులు ఆగలేకపోయారా అని పోయిన మనిషి మీద కోపం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ జరిగింది అదే.

ఆ ఆదివారం ఆయనకు ఒక సంగతి చెప్పాలనుకున్నాను. నిజానికి ఏడాదిన్నరగా ప్రతి ఆదివారమూ చెప్పాలనే వెళ్లాను, చెప్పకుండానే తిరిగొచ్చాను. అది ఒక చేప సంగతి. చేప గురించి ఇంత గొడవేమిటని మీకు అనిపిస్తుంది. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

మా సార్ ఇళ్లు గీసే ఆర్కిటెక్టు. పుప్పాలగూడలో ఇనుపసామాన్ల కొట్టు పైన రెండు గదులు ఆయన ఆఫీసు. కింద సలాకలు కోసే చప్పుడుకి పైన ఫోన్ మాట్లాడలేక మెట్ల మీదికి పరిగెత్తేవాళ్లం. ఆయన ఆ ఊరివారే. ఊరు ఊరుగా ఉన్నప్పుడు వాళ్ల కుటుంబం చెరువు మీద బతికింది, తండ్రి వల వేసేవాడు. తర్వాత చుట్టూ టవర్లు లేచాయి, వాటి మురుగంతా చెరువులోకి దిగింది, వల అటకెక్కింది. "మా చెరువును సంపింది ఇండ్లే. అందుకే నేను ఇండ్ల కాడికే వచ్చిన," అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు చూసి మేమూ నవ్వేవాళ్లం. అందులో నవ్వాల్సిందేమీ లేదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

మాది గోదావరి వైపు. నాన్నగారి ఉద్యోగం మూలంగా నిజాంపేటలో స్థిరపడ్డాం. చదువు అవగానే నేను సార్ దగ్గర చేరితే, "ఏదో పెద్ద గాజు ఆఫీసులో కూర్చుంటుందనుకుంటే ఇనుపకొట్టు మీద తేలిందండీ మా అమ్మాయి," అని నాన్న చుట్టాలందరికీ చెప్పుకుని బాధపడ్డారు.

మొదటిరోజు సార్ నాకొక స్థలం కొలతలిచ్చి ఇల్లు గీయమన్నారు. సాయంత్రానికల్లా ఇంటి ముందు వైపు ఎలా కనిపిస్తుందో చక్కగా రంగులు వేసి తీసుకెళ్లాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మంచిగున్నది. సాగనంపుడు యాడ?"

నాకు అర్థం కాలేదు.

"నీళ్లు బిడ్డా. వాడిన నీళ్లు యాడికి పోతున్నయి?"

"డ్రైనేజీలోకి సార్."

"డ్రైనేజీ యాడికి?"

ఆయన లేచి స్కూటరు తాళం తీసుకున్నారు. ఆ సాయంత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఒక టవర్ల వరస వెనక్కి తీసుకెళ్లారు. ముందు నుంచి చూస్తే ఫౌంటెన్లు, పచ్చగడ్డి, సెల్యూట్ కొట్టే సెక్యూరిటీ. వెనక ప్రహరీకి ఒక రంధ్రం, రంధ్రంలోంచి గొట్టం, గొట్టం కింద నాలా. ఆ నాలా వెంబడే పోయాం. సందుల్లో కొంత కనిపించకుండా పోయేది, మళ్లీ ఏదో బస్తీ పక్కన తేలేది. సబ్బు నురగ, థర్మాకోల్, తిండి తెప్పించుకున్న డబ్బాలు. చీకటి పడేలోపు మూసీ ఒడ్డున ఆగాం. నేను చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"ముక్కు మూస్కోకు. పరాయి వాసన గాదది. పొద్దుగాల నువ్వు తానం జేసిన నీళ్లు గూడ గిండ్లనే ఉన్నయి," అన్నారు.

ఆ తర్వాత ఎప్పుడు ఏ ఇల్లు గీసినా నేను మొదట గుమ్మం గీయలేదు. సార్ బల్ల మీద రంగు పెన్సిళ్ల డబ్బా ఒకటి ఉండేది. వచ్చే నీళ్లకు నీలం, పోయే నీళ్లకు గోధుమరంగు. ఆయన ఏ కాగితం మీదైనా మొదటి గీత గోధుమరంగుతోనే గీసేవారు. డబ్బాలో మిగతా పెన్సిళ్లన్నీ కొత్తవిలా ఉండేవి, అదొక్కటి అంగుళం ముక్కగా మిగిలేది. పట్టుకోవడానికి లేకపోయినా పారేసేవారు కాదు.

ఆయన మాటల్లో ఇప్పటికీ నా చెవిలో తిరిగేది ఒకటుంది. పుప్పాలగూడ శివార్లలో ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ గీస్తున్నప్పుడు అన్నది. మురుగును శుద్ధిచేసే ఏర్పాటంతా గేటు పక్కన, అందరికీ కనబడేలా గీశారాయన. బిల్డరు కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏంది సార్ గిది? గేటు కాడ పాయఖానా నీళ్లా? ఎవడన్న కొంటడా ఫ్లాటు?"

"కూసో జర. నీ ఇంటికి చుట్టం వచ్చిండనుకో. పొయ్యేటప్పుడు యాడిదాక పోతవు?"

"గేటు దాక పోత. ఎందుకు?"

"మరి నీళ్లు జేసిన పాపమేంది? పొద్దటి నుంచి నీ ఇంట్ల చాకిరి జేసినయి. తానానికి, బట్టలకు, బోళ్లకు. చుట్టాన్ని ముంగట నుంచి సాగనంపుతవు, వీటిని దొంగల లెక్క ఎనక నుంచి ఎల్లగొడ్తవు. ఎల్లగొట్టినయి ఊకుంటయా? మల్ల నీ బోర్లకే వస్తయి."

బిల్డరు ఈ మాటకు కరిగిపోయాడని రాస్తే బాగుండును. కరగలేదు. స్థలం వెనక వైపు అంతా రాయి. తొట్లు కట్టడానికి తవ్వాలంటే నెలలు పడుతుందని మిషన్ వాడు చెప్పాక, ముందు వైపే సరేనన్నాడు. సార్ గెలిచింది మాటతో కాదు, రాయితో. ఆ సంగతి చెప్పి ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వేవారు.

ఆ కట్టడం ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఇళ్లలో వాడిన నీళ్లన్నీ నేల కింద తొట్లోకి వస్తాయి. అక్కడ ఒక మోటారు గాలి ఊదుతూ ఉంటుంది. గాలి ఉంటేనే మురుగును తినే క్రిములు బతుకుతాయి. అక్కడ సగం తేటపడ్డ నీళ్లు ప్రవేశమెట్లకు రెండు పక్కలా మడుల్లోకి వస్తాయి. మడుల్లో తుంగ, మెట్టతామర. ఆ వేళ్లలోంచి మెట్టు మెట్టుగా దిగుతూ, మెట్లెక్కే మనుషులకు ఎదురొస్తూ, చివరికి గేటు పక్కన ఒక రాతి తొట్టిలో చేరతాయి. తొట్టి అంటే సార్ ఒప్పుకునేవారు కాదు. హౌజు అనేవారు. హౌజులో ఒక్క క్షణం నిలిచి, అంచు దాటి, నాలాలోకి వెళ్లిపోతాయి. చుట్టాన్ని గేటు దాకా సాగనంపినట్టే.

ఏ కట్టడమైనా పూర్తయి ఇళ్లు అప్పగించేరోజు సార్ జేబులోంచి తెల్ల దస్తీ తీసి శుద్ధిచేసిన నీళ్లలో ముంచి, పిండి, గేటు ఊచలకు ఆరేసేవారు. సాయంత్రం అది తీసి వాసన చూసి, మరక లేకపోతేనే కాగితాల మీద సంతకం. పరీక్షశాల రిపోర్టు వేరే ఉండేది, అదీ చదివేవారు. కానీ నమ్మేది దస్తీనే. ఈ అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఇంకో పని చేశారు. పాలిథిన్ సంచిలో బొచ్చె చేపపిల్లల్ని తెప్పించి, అక్కడి పిల్లల చేత హౌజులో వదిలించారు.

"రిపోర్టు నాకు సమజైతది, నీకు సమజైతది. వాచ్‌మెన్‌కు, పనామెకు, చిన్నపోరగాండ్లకు ఎట్ల సమజైతది? చేప ఆడితే నీళ్లు మంచిగున్నట్టు. అంతే," అన్నారు.

రెండేళ్లు చేపలు ఆడాయి. స్కూలు బస్సు కోసం నిలబడ్డ పిల్లలు వాటికి పేర్లు కూడా పెట్టారు.

తర్వాత సార్‌కు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు దవాఖానలో డయాలసిస్ మిషన్ ఎక్కాల్సి వచ్చింది. పనులు నా మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆ అపార్ట్‌మెంట్ కమిటీ మారింది. కొత్త సెక్రటరీ మా గోదావరి వైపు ఆయనే, పెద్ద కంపెనీలో మేనేజరు. గాలి ఊదే మోటారు చప్పుడుకి కింది అంతస్తులో నిద్ర పట్టడం లేదన్నారు, కరెంటు ఎక్కువ కాలుతుందన్నారు. మోటారు ఆపేశారు. ఇలాంటి ప్రతి ఏర్పాటుకీ బైపాస్ ఒకటుంటుంది. మోటారు చెడిపోయిన రోజున మురుగు ఇళ్లలోకి ఎగదన్నకుండా, వాల్వు చక్రం తిప్పితే నేల కింద నుంచే నేరుగా నాలాలోకి పోయే గొట్టం. ఏదో ఒక రోజు అవసరానికి పెట్టింది. వాళ్లు ఆ చక్రం తిప్పి అలాగే వదిలేశారు.

దాంతో మడుల్లోకి, హౌజులోకి నీళ్లు రావడం ఆగిపోయింది. వాసన రాదు, చప్పుడు లేదు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కదలని నీళ్లలో బొచ్చెలకు ఊపిరి ఆడలేదు. రెండు రోజుల్లో అన్నీ తెల్లటి పొట్టలతో పైకి తేలాయి. పిల్లలు ఏడ్చారు. ఫోన్లన్నీ నాకు.

"ఏవండీ, ముందు ఆ చేపల్ని తీయించండి. పిల్లలు భయపడుతున్నారు," అన్నాడు సెక్రటరీ.

"మోటారు నడపండి సార్. బైపాస్ మూసేయండి. మళ్లీ చేపలు వేస్తే బతుకుతాయి."

"మీటింగ్‌లో పెడదామండి. చూద్దాం."

ఆ వారం సార్ కాలేజీ పిల్లల్ని తీసుకుని ఆ కట్టడం చూపించడానికి వస్తానన్నారు. మిషన్ ఎక్కడం మొదలుపెట్టాక ఆయన ఇష్టంగా అడిగిన మొదటి పని అది. ఎండిన మడుల్నీ ఖాళీ హౌజునూ ఆయనకు ఎలా చూపించను? నిజం చెబితే ఆయన అక్కడికక్కడే కూలిపోతారని భయపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే అది ఆయన మీద ప్రేమ ఎంతో, నా పిరికితనమూ అంతే. వాచ్‌మెన్‌తో మడులకు పైపు పెట్టి బోరు నీళ్లు పట్టించాను. హౌజులో చచ్చిన చేపల్ని ఏరించాను. నిజాంపేట రోడ్డు పక్కన చేపలమ్మే ఆమె దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఏ నీళ్లలో వేసినా చావని చేప ఏదైనా ఉందా?"

ఆమె నన్నొక చూపు చూసి పక్కనున్న ప్లాస్టిక్ టబ్బు మీది పళ్లెం తీసింది. జానెడు లోతు నీళ్లలో నల్లగా, పాము తలతో, కొర్రమీను.

"కొర్రమట్ట. గిది సావదు మేడం. బురదల ఏసినా బతుకుతది. నీళ్లల్ల గాలి లేకుంటే మీదికొచ్చి మింగుతది."

అదే తీసుకొచ్చి హౌజులో వేశాను.

సార్ వచ్చారు. చేతికి సూదుల పట్టీ ఉంది, నడక నెమ్మదించింది. పిల్లల్ని మడుల దగ్గరికి పంపి ఆయన హౌజు దగ్గర నిలబడ్డారు. నేను పక్కనే ఉన్నాను. చాలాసేపు ఏమీ కదల్లేదు. ఆ తర్వాత కొర్రమీను మెల్లగా పైకి వచ్చి, నోరు తెరిచి, గుక్కెడు గాలి మింగి కిందికి దిగింది. సార్ జేబులోంచి దస్తీ తీశారు. ముంచుతారనుకున్నాను. ఆయన దాంతో మొహం తుడుచుకుని మడతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"ఎవలు తెచ్చిన్రు బిడ్డా గీ చేపను?"

"అపార్ట్‌మెంట్ వాళ్లే సార్."

"మంచిది," అన్నారు.

తిరిగి వస్తూ కారులో వాళ్ల నాన్న గురించి చెప్పారు. చెరువులోకి మురుగు దిగిన కాలంలో ముందు బొచ్చెలు పోయాయట, తర్వాత పరక చేపలు పోయాయట. ఆఖరికి వలలో కొర్రమట్టలు మాత్రమే పడేవి. "ఊరోళ్లందరు ఖుషీ. కొర్రమట్ట ఖరీదైన చేప గద. ఇంకా చేపలు వడ్తున్నయి, చెరువుకేం గాలేదు అన్నరు. మా నాయిన గూడ గట్లనే అన్నడు. అది ఒక్కటి బతికుంటే చెరువు బతికున్నట్టే అనుకున్నం. సర్పంచి కాడికి పోలే, పట్నం పోలే, ఎవ్వల్నీ అడగలే. అడిగేనాటికి చెరువు లేదు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పడానికి ఆయన నాకు తలుపు తీసి పెట్టారు. నేను లోపలికి వెళ్లలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఇంటికి వెళ్లి పనుల సంగతులు చెప్పేదాన్ని. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతూ వినేవారు. "మన చేపలు ఎట్లున్నయి?" అని అడిగేవారు. "బాగున్నాయి సార్," అనేదాన్ని. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇంకేదీ చెప్పడానికి వీలుండేది కాదు. కమిటీతో నేను పోట్లాడలేదని కాదు. ఉత్తరాలు రాశాను, మీటింగులకు వెళ్లాను. కానీ నా గొంతులో బలం లేదు. ఎందుకుంటుంది? హౌజులో అబద్ధం ఈదుతున్నది నా చేత్తోనే కదా.

ఒకసారి దవాఖానలో మిషన్ తిరుగుతుండగా సార్ నర్సును పిలిచారు. "నర్సమ్మా, గీ మిషన్‌కు బైపాస్ ఏమన్న ఉన్నదా? రక్తం కడగకుండనే మల్ల లోపటికి పంపెటట్టు?" ఆ అమ్మాయికి అర్థం కాక, "అట్లెందుకు ఉంటది సార్, మనిషి పోతడు గద!" అంది. సార్ నవ్వి నా వైపు చూశారు. ఆయనకు తెలుసేమో అని ఆ రోజు అనుమానం వచ్చింది. అనుమానాన్ని అనుమానంగానే ఉంచుకోవడం నాకు తేలికైంది. కొన్నాళ్లకు ఆయన చేపల సంగతి అడగడం మానేశారు.

మూడోరోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకునే ఆచారం. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. సార్ తమ్ముడు విస్తరి తీసుకెళ్లి చెరువు గట్టున పెట్టాడు. వాళ్ల నాన్న వల వేసిన చెరువే. ఇప్పుడు మూడు వంతులు పూడిపోయి, మిగిలిన దాని చుట్టూ కంచె, నడిచేవాళ్లకు బాట, ఒక మూల నురగ. విస్తట్లో అన్నం, బొచ్చె పులుసు, పక్కన గాజు గ్లాసులో చాయ్, రెండు బిస్కెట్లు.

కాకి రాలేదు. ఎదురుగా ఉన్న గాజు టవరు అంచుల మీంచి పావురాలు వచ్చాయి, తమ్ముడు అదిలించాడు. ఎండ ఎక్కింది.

"కాకులు యాడున్నయి ఈడ?" అన్నాడతను.

"గట్ల గాదు. ఆయన మనసుల ఏదో ఉన్నది. మాటియ్యుండ్రి," అంది సార్‌కు వరసకు అత్త అయ్యే పెద్దావిడ.

వదినను చూసుకుంటానని తమ్ముడు మాటిచ్చాడు. ఏడ్చి ఆరోగ్యం పాడుచేసుకోనని అమ్మ మాటిచ్చారు. ఎంతసేపటికీ కాకి రాలేదు. అప్పుడు అమ్మ నా వైపు తిరిగారు.

"నువ్వేమన్న చెప్పేదున్నదా బిడ్డా?"

చెప్పాను. విస్తరి ముందు నిలబడి, అందరూ వింటుండగా. బైపాస్ తెరిచారని, ఏడాదిన్నరగా ఎనిమిదంతస్తుల మురుగు నేరుగా నాలాలోకి పోతోందని, హౌజులో కొర్రమీను వేసింది నేనేనని, వాళ్లు తెచ్చారని అబద్ధమాడానని.

అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. "ఎరుకే బిడ్డా. ఆ దినం ఇంటికొచ్చి మీ సార్ బువ్వ తినలే. పిల్ల కొర్రమట్టను దెచ్చి ఏసింది, చెప్తది తియ్యి, జర టైం వడ్తది అన్నరు. ప్రతి ఐతారం నువ్వు పోయినంక నేనడిగేదాన్ని, చెప్పిందా అని. ఇంకా లేదు అనేటోరు."

"ఆయనే అడగొచ్చు కదమ్మా!"

"అడుగుండ్రి అని నేనూ అన్న. అడిగితే ఆ పిల్ల ఇగ నా ముంగట తలెత్తదు అన్నరు. దానంతల అదే చెప్పాలె, చెప్తే ఇద్దరం గల్సి పోయి ఆ చక్రం తిప్పొద్దాం అన్నరు."

కాకి అప్పుడు కూడా రాలేదు. రాదని నాకు తెలుసు.

స్మృతి వ్యాసమంటే పొగడాలంటారు. నేను సార్‌ని పొగడగలను, చేతులు నొప్పెట్టేదాకా రాయగలను. కానీ ఈ ఒక్క విషయంలో ఆయనా తప్పు చేశారు. నా మొహం చూసి నాలాను మురగనిచ్చారు. ఆయన ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో నేను నోరు తెరిచి ఉంటే, చేతికి పట్టీతోనే వెళ్లి ఆ కమిటీ ముందు కూర్చునేవారు, మోటారు తిరిగేదాకా లేచేవారు కాదు. ఆ ఓపిక అంతా నా మాట కోసం ఎదురుచూడటంలో అయిపోయింది. ఇది తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

కాకి ముట్టకపోతే విస్తరిని నీళ్లలో వదలాలన్నారు. తమ్ముడు కంచె దగ్గరి దాకా వెళ్లి ఆగాడు. అమ్మ ఆ నురగ వంక చూసి, "గీ నీళ్లల్లనా? ఆయనకా? వద్దు," అన్నారు. విస్తరి మళ్లీ ఇంటికే తెచ్చి పాత ప్రహరీ గోడ మీద పెట్టారు. దాన్ని ఎవరు తిన్నారో నాకు తెలియదు.

నేను అట్నుంచే ఆ అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. సెక్రటరీ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. చేతులు జోడించి అడిగాను. సార్ పోయారు, కనీసం ఇప్పుడైనా బైపాస్ మూయండి, మోటారు పాడైతే నేనే నిలబడి బాగుచేయిస్తాను అన్నాను.

"అయ్యో, పోయారాండీ? చాలా మంచివారు," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీరు మన వైపు వాళ్లు కాబట్టి చెబుతున్నానండీ. ఎవరికీ ఏ కంప్లయింటూ లేదు. ఇప్పుడు ఇదంతా కదపడం ఎందుకు? చేప బాగానే ఉంది కదా," అన్నాడు.

చేప బాగానే ఉంది కదా! వాచ్‌మెన్ దగ్గర బకెట్ అడిగి బోరు నీళ్లు సగం పట్టాను. చేపను తీసేస్తాను, కనీసం ఆ హౌజు ఖాళీగా ఉండనీ, వచ్చేపోయేవాళ్లు ఖాళీ హౌజును చూడనీ అనుకున్నాను. ఇది చదివే ఆ అపార్ట్‌మెంట్ వాళ్లకు చెబుతున్నాను, ఆ నీళ్లు బాగున్నాయని ఏడాదిన్నర మిమ్మల్ని నమ్మించింది నేను. ఇకమీదట నమ్మకండి.

వాచ్‌మెన్ ప్యాంటు మడిచి హౌజులోకి దిగాడు. చేప రెండుసార్లు చేతిలోంచి జారింది, మూడోసారి గోనెసంచి వేసి పట్టాడు. ఏడాదిన్నరలో అది మోచేయంత అయింది. బకెట్‌లో వేశాడు. ఆఫీసు క్యాబ్‌లు వచ్చే వేళ. దిగినవాళ్లు ఒక్కొక్కరే ఆగి ఫోన్లు తీస్తున్నారు.

బకెట్ ఎత్తబోయేలోపే అది ఎగిరి బయటపడింది. గ్రానైట్ మీద ఒకసారి కొట్టుకుని, నిలదొక్కుకుని, ఒళ్లు మెలితిప్పుకుంటూ పాకడం మొదలుపెట్టింది. బకెట్ వైపు కాదు, హౌజు వైపు.

"దానికి ఆ నీళ్లే అలవాటైనయి మేడం," అన్నాడు వాచ్‌మెన్.

నేను హౌజుకు అడ్డంగా మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ నేలకు ఆనించాను. అది నా చేతుల ముందుకు వచ్చి ఆగింది. నోరు తెరిచి, గుక్కెడు గాలి మింగి, మళ్లీ నా మీదికే పాకడం మొదలుపెట్టింది.